రెడ్ డాట్ సైట్ కొంటున్నారా? ఆర్డర్ పెట్టే ముందు ఈ లెక్క ఒకసారి చూసుకోండి

పబ్‌జీ ఆడిన పిల్లలకు 'రెడ్ డాట్' గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. ఉప్పుగూడలో ఏ ఇంటర్ కుర్రాడిని కదిపినా అదేంటో, ఏ గన్‌కి పడుతుందో టకటకా చెప్పేస్తాడు. అసలు చిక్కు గేమ్ దాటి బయటికి వచ్చాకే. ఇంట్లో బతిమాలి ఒక ఎయిర్ రైఫిల్ కొనిపించుకుంటారు. తర్వాత ఆన్‌లైన్‌లో రెండు మూడు వేలకు కనిపించిన డాట్ సైట్ ఆర్డర్ పెడతారు. నెల తిరక్కముందే చుక్క వణకడం మొదలవుతుంది, లేదంటే ఆరిపోతుంది. ఇంకొందరు తల్లిదండ్రులు 'పిల్లాడు షూటింగ్ పోటీలకు వెళ్తాడు కదా, పనికొస్తుంది' అని కొంటారు. అక్కడే పెద్ద పొరపాటు జరుగుతోంది. అది ఎందుకో తెలియాలంటే ముందు ఈ వస్తువు ఎలా పనిచేస్తుందో చూడాలి.

అసలు ఈ చుక్క ఎక్కడి నుంచి వస్తుంది?

నాంపల్లి నుమాయిష్‌లో బెలూన్లు కాల్చినవాళ్లకు మామూలు గురి ఎలా ఉంటుందో గుర్తుండే ఉంటుంది. వెనక ఒక గాడి, ముందు ఒక మొన, ఆ పైన బెలూన్. మూడూ ఒకే వరసలోకి రావాలి. కన్ను మాత్రం ఒకసారి ఒక దూరాన్నే స్పష్టంగా చూడగలదు. మొన మీద చూపు నిలిపితే బెలూన్ మసకబారుతుంది, బెలూన్ చూస్తే మొన మసకబారుతుంది.

రిఫ్లెక్స్ సైట్ ఈ ఇబ్బందిని తీసేస్తుంది. కింద ఒక చిన్న ఎల్‌ఈడీ ఉంటుంది. దాని వెలుగు ముందున్న వంపు అద్దం మీద పడి కంటి వైపు తిరిగి వస్తుంది. ఆ అద్దానికి వేసిన పూత ఎర్ర రంగును వెనక్కి పంపి, మిగతా వెలుగును దాటనిస్తుంది. అద్దం వంపు వల్ల కిరణాలు సమాంతరంగా వస్తాయి కాబట్టి చుక్క అద్దం మీద కాదు, దూరంగా టార్గెట్ దగ్గరే ఉన్నట్టు కనిపిస్తుంది. రెండు కళ్లూ తెరిచి టార్గెట్‌నే చూస్తూ చుక్కను దాని మీదకు తెస్తే చాలు. ఇది లేజర్ కాదు. టార్గెట్ మీద ఏ వెలుగూ పడదు, చుక్క కాల్చేవాడికి తప్ప ఎవరికీ కనిపించదు.

ఇదేదో కొత్త టెక్నాలజీ అనుకుంటే పొరపాటే. ఈ పద్ధతిని 1900లోనే ఐర్లాండ్‌కు చెందిన హోవర్డ్ గ్రబ్ కనిపెట్టాడు. ఆయన అసలు పని టెలిస్కోపుల తయారీ. ఆ గ్రబ్ కంపెనీ 15 అంగుళాల టెలిస్కోపునే నవాబ్ జఫర్ జంగ్ తెప్పించి, 1901లో మన ఫిసల్‌బండలో అబ్జర్వేటరీ పెట్టారు. అంటే ఉప్పుగూడకు పెద్ద దూరమేమీ కాదు. నిజామియా అబ్జర్వేటరీ కథ మొదలైంది అక్కడే, బేగంపేటకు వెళ్లింది తర్వాత. ఇక బ్యాటరీతో నడిచే ఎలక్ట్రానిక్ రెడ్ డాట్‌ను మార్కెట్లోకి తెచ్చింది స్వీడన్ కంపెనీ ఎయిమ్‌పాయింట్, 1975లో.

పోటీలకు పనికొస్తుందా? రాదు

ఒలింపిక్స్‌లో ఉండే ఎయిర్ పిస్టల్, ఎయిర్ రైఫిల్ ఈవెంట్లు అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య ఐఎస్‌ఎస్‌ఎఫ్ నిబంధనల ప్రకారం జరుగుతాయి. పిస్టల్‌కు ఓపెన్ సైట్ మాత్రమే ఉండాలి. లెన్స్, అద్దం, టెలిస్కోప్, లేజర్, ఎలక్ట్రానిక్ డాట్... అన్నీ నిషేధం. రైఫిల్‌కు చిన్న రంధ్రంలోంచి చూసే పీప్ సైట్ వాడతారు. దానికీ లెన్స్ పెట్టకూడదు. చూపు తక్కువగా ఉంటే షూటర్ కళ్లజోడు పెట్టుకోవచ్చు, అంతే.

మన హైదరాబాదీ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం గెలిచింది పీప్ సైట్‌తోనే. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు తెచ్చిన ఇషా సింగ్ పిస్టల్ మీద కూడా డాట్ లేదు.

నిబంధనలు పక్కన పెట్టి లెక్కలు చూసినా అంతే. చుక్క సైజును 'ఎంఓఏ'ల్లో చెబుతారు. 1 ఎంఓఏ అంటే 100 మీటర్ల దూరంలో దాదాపు 2.9 సెంటీమీటర్లు, 10 మీటర్ల దగ్గర 2.9 మిల్లీమీటర్లు. చౌక సైట్లలో ఎక్కువగా కనిపించే 3 ఎంఓఏ చుక్క 10 మీటర్ల దగ్గర దాదాపు 8.7 మిల్లీమీటర్లు కప్పేస్తుంది. ఎయిర్ రైఫిల్ టార్గెట్‌లో పది పాయింట్ల చుక్క వ్యాసం ఎంతో తెలుసా? కేవలం అర మిల్లీమీటర్. తొమ్మిది పాయింట్ల వలయం 5.5 మిల్లీమీటర్లు. అంటే తొమ్మిదీ, పదీ రెండూ ఎర్ర చుక్క కిందే మాయమైపోతాయి!

కాబట్టి పిల్లాడో, పాపో పోటీల వైపు వెళ్లాలనుకుంటే డాట్ సైట్‌కు పెట్టే డబ్బుతో రేంజ్‌లో నాలుగు రోజులు ప్రాక్టీస్ చేయించడం నయం. గచ్చిబౌలి వైపు సెంట్రల్ యూనివర్సిటీ ప్రాంగణంలో షూటింగ్ రేంజ్ ఉంది. ఉప్పుగూడ స్టేషన్‌లో ఎంఎంటీఎస్ ఎక్కితే లింగంపల్లి దాకా వెళ్లొచ్చు, అక్కడి నుంచి బస్సో ఆటోనో పట్టుకోవాలి. కొత్తవాళ్లు ముందు వెళ్లి, రేంజ్‌లో ఉన్న గన్‌తో నేర్చుకుని, కొనుడు సంగతి తర్వాత చూసుకుంటే మంచిది.

సరదాకే అయితే ఏది తీసుకోవాలి?

పేపర్ టార్గెట్లు, ఖాళీ డబ్బాలు కాల్చడానికైతే డాట్ సైట్ బాగానే ఉంటుంది. ముఖ్యంగా నలభై దాటి దగ్గరి చూపు తగ్గినవాళ్లకు మొన, గాడి కన్నా ఇదే సులువు. కాకపోతే చౌక సరుకులో చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి.

మొదటిది పట్టా. ఎక్కువ ఎయిర్ రైఫిళ్ల మీద 11 మిల్లీమీటర్ల సన్న గాడి ఉంటుంది. ఆన్‌లైన్‌లో దొరికే సైట్లలో చాలావరకు వెడల్పాటి పికటినీ పట్టా కోసం చేసినవి. ఫొటోలో రెండూ ఒకేలా కనిపిస్తాయి, ఇంటికొచ్చాక కూర్చోవు. స్కేల్ పెట్టి కొలుచుకున్నాకే ఆర్డర్ పెట్టాలి.

రెండోది, చాలామందికి తెలియనిది: స్ప్రింగ్ ఎయిర్ గన్ కుదుపు. గుండు పేలే తుపాకీ వెనక్కే తంతుంది. స్ప్రింగ్ గన్‌లో పిస్టన్ ముందుకు దూకేటప్పుడు గన్ వెనక్కి, పిస్టన్ వెళ్లి ఆగేటప్పుడు ముందుకు, అలా రెండు వైపులా కుదుపు వస్తుంది. ముందుకొచ్చే ఆ కుదుపును చౌక సైట్లు తట్టుకోలేవు. పెద్ద తుపాకీ మీద నిలబడింది కదా అని ఎయిర్ గన్ మీదా నిలుస్తుందనుకోవద్దు. వివరాల్లో 'స్ప్రింగ్ ఎయిర్ గన్‌కు పనికొస్తుంది' అని స్పష్టంగా రాసి ఉన్నదే తీసుకోవాలి. గాలి నింపుకునే పీసీపీ గన్ అయితే ఈ బాధ లేదు.

అద్దం విషయానికొస్తే, చేతికి రాగానే ఒక పరీక్ష చేయండి. గన్‌కు బిగించకుండా సైట్‌ను బల్ల మీద కదలకుండా పెట్టి, చుక్కను ఎదురు గోడ మీద ఒక గుర్తుకు సరిపెట్టండి. ఇప్పుడు తల కొంచెం అటూ ఇటూ జరిపి చూడండి. చుక్క గుర్తును వదిలి బాగా జరిగిపోతుంటే దాన్ని పారలాక్స్ అంటారు. పది మీటర్లలో మంచి సైట్లలోనూ ఇది కాస్త ఉంటుంది. మరీ ఎక్కువైతే మాత్రం రిటర్న్ గడువు దాటకముందే వెనక్కి పంపేయడం మేలు.

చుక్క గుండ్రంగా కాకుండా తోకచుక్కలా, ద్రాక్ష గుత్తిలా కనిపిస్తోందా? వెంటనే రివ్యూలో తిట్టకండి. ఫోన్ కెమెరాతో చుక్కను చూడండి. కెమెరాలో గుండ్రంగా కనిపిస్తే లోపం సైట్‌లో లేదు, మీ కంట్లో ఉంది. ఆస్టిగ్మాటిజం ఉన్నవాళ్లకు ఇలాగే కనిపిస్తుంది. కళ్ల డాక్టర్‌ను కలవండి.

బ్యాటరీ సీఆర్2032 రకమైతే ఏ కిరాణా షాపులోనైనా దొరుకుతుంది. బ్యాటరీ మార్చడానికి సైట్ ఊడదీయాల్సిన మోడల్ మాత్రం వద్దు. ఊడదీసిన ప్రతిసారీ గురి మళ్లీ మొదటి నుంచి సరిచేసుకోవాలి.

గురి సరిచేయడం ఇలా

కొత్త సైట్ బిగించగానే నేరుగా తగలదు. మరలు గట్టిగా బిగించి, మర తల మీద నుంచి పట్టా మీదకు నెయిల్ పాలిష్‌తో ఒక సన్న గీత గీయాలి. మర వదులైతే గీత విరిగినట్టు కనిపిస్తుంది. పది మీటర్ల దూరంలో పేపర్ పెట్టి, గన్‌ను మెత్తటి దిండు మీద ఆనించి, స్ప్రింగ్ గన్‌ను గట్టిగా బిగబట్టకుండా వదులుగా పట్టుకుని, ఒకే చోట గురిపెట్టి ఐదు కాల్చాలి. ఒక్క పెల్లెట్ చూసి స్క్రూ తిప్పితే రోజంతా తిప్పుతూనే ఉంటారు. ఐదూ కలిసి ఎక్కడ పడ్డాయో చూడాలి.

ఒక క్లిక్ 1 ఎంఓఏ అయితే, పది మీటర్లలో క్లిక్‌కు 2.9 మిల్లీమీటర్లు జరుగుతుంది. ఐదు పెల్లెట్లూ 3 సెంటీమీటర్లు ఎడమకు పడితే కుడి వైపు పది క్లిక్‌లు. మళ్లీ ఐదు కాల్చి సరిచూసుకోవాలి.

ఒక చిన్న మెలిక ఉంది. సైట్ బ్యారెల్ కన్నా పైన ఉంటుంది. దాదాపు 4 సెంటీమీటర్ల ఎత్తు అనుకుందాం. పది మీటర్లకు సరిచేసిన గన్‌తో మూడు మీటర్ల దగ్గర కాలిస్తే దాదాపు 3 సెంటీమీటర్లు కిందే తగులుతుంది. సైట్ పాడైందని కంగారు పడక్కర్లేదు, అది లెక్క ప్రకారమే జరిగింది.

వెలుగు అవసరమైనంతే పెట్టుకోవాలి. నీడలో ఫుల్ వెలుగు పెడితే చుక్క పూసిపోయి టార్గెట్‌నే మింగేస్తుంది.

డాబా మీద కాల్చొచ్చా?

ఉప్పుగూడ లాంటి చోట డాబాకు డాబా ఆనుకుని ఉంటాయి. పక్కింట్లో బట్టలు ఆరేస్తుంటారు, సంక్రాంతికి ప్రతి మిద్దె మీదా పిల్లలే. డాట్ సైట్ పెట్టినంత మాత్రాన పెల్లెట్ టార్గెట్ దగ్గరే ఆగిపోదు. గోడకో రేకుకో తగిలి తిరిగొచ్చే పెల్లెట్‌కు కన్ను పోగొట్టే బలం ఉంటుంది. ఎదుటివాళ్ల ప్రాణానికి ముప్పు తెచ్చేలా నిర్లక్ష్యంగా ప్రవర్తిస్తే భారతీయ న్యాయ సంహిత 125వ సెక్షన్ కింద కేసు అవుతుంది. 'లైసెన్స్ అక్కర్లేని గన్ కదా' అనే వాదన అక్కడ పనిచేయదు. రామచిలుకల లాంటి పక్షుల మీద కాలిస్తే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉండనే ఉంది.

లైసెన్స్ సంగతీ తెలుసుకోవాలి. 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం 4.5 మిల్లీమీటర్ల బోరు, 20 జౌళ్ల శక్తి దాటిన ఎయిర్ గన్‌కు లైసెన్స్ కావాలి. దానికి లోబడిన గన్ స్ప్రింగ్‌ను మార్చి పవర్ పెంచుకుంటే అది ఈ హద్దు దాటిపోవచ్చు.

లైసెన్స్ ఉన్న రివాల్వర్‌కో రైఫిల్‌కో డాట్ బిగించాలనుకునేవాళ్లు సొంతంగా డ్రిల్లింగ్ చేయించకూడదు. ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం తుపాకీ రిపేరుకు, మార్పుకు కూడా లైసెన్స్ ఉన్నవాళ్లే అర్హులు. గల్లీ చివర లేత్ మెషిన్ దగ్గర రంధ్రాలు వేయిస్తే వేసినవాడూ, వేయించినవాడూ ఇద్దరూ ఇరుక్కుంటారు. పెళ్లి బరాత్‌లో గాల్లోకి కాల్చే సరదా ఉన్నవాళ్లకైతే 2019 సవరణ తర్వాత రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ.

కాల్చడం అయ్యాక డాట్ ఆపేసి, అద్దం మీద దుమ్మును ముందు ఊదేసి, తర్వాతే మెత్తటి లెన్స్ బట్టతో తుడవాలి. చొక్కా అంచుతో తుడిస్తే పూత మీద గీతలు పడతాయి. రెండు మూడు నెలలు వాడకపోతే బ్యాటరీ తీసి పక్కన పెట్టేయాలి. లోపలే ఉంటే కారి, సర్క్యూట్‌ను తినేస్తుంది.