ఎవరెస్ట్ పేరుతో ఎన్ని కొలతలు?

పాత సర్వే పటాలను జీపీఎస్‌తో కలపడం గురించి అందరూ చెప్పే కథ ఒకటే. 1802లో సర్వేయర్ లాంబ్టన్ మద్రాసు దగ్గర కొలత గొలుసు పట్టాడు, 1830లో మరో సర్వేయర్ ఎవరెస్ట్ భూమి ఆకారం (ఎలిప్సాయిడ్) లెక్కగట్టాడు, ఉపగ్రహాలతో జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్-84 వచ్చింది, ఒక సూత్రం వేస్తే పాతది కొత్తదవుతుంది. చిక్కంతా ఆ చివరి మాటలోనే ఉంది.

ఎవరెస్ట్ లెక్క అడుగుల్లో ఉంది. ఆ అడుగును మీటర్లలోకి ఒక్కోసారి ఒక్కోలా మార్చారు. అందుకే భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్ధం 1937 సర్దుబాటులో 63,77,276.345 మీటర్లు, 1962 నిర్వచనంలో 63,77,301.243, 1975లో 63,77,299.151. అన్నిటి పేరూ ‘ఎవరెస్ట్ 1830’. కల్యాణ్‌పూర్ మూలంగా ఉన్న డేటమ్‌లూ (స్థానాలను లెక్కగట్టే ఆధారాలు) 1880, 1937, 1962, 1975 అని నాలుగున్నాయి. మిగతా లెక్క అలాగే ఉంచి ఎలిప్సాయిడ్ ఒక్కటే తప్పుగా ఎంచితే 25 మీటర్ల దాకా తేడా వస్తుంది. అది దాదాపు అంతా ఎత్తులోకే పోతుంది గనుక పటం మీద రోడ్డూ చెరువూ కదలవు. తప్పు ఏళ్ల తరబడి దాగడానికి ఇది చాలు.

డేటమ్ అసలు మార్చకపోతే హైదరాబాదు దగ్గర సుమారు 180 మీటర్లు పక్కకు పడతాం. మార్చడానికి విరివిగా వాడేవి అమెరికా రక్షణ శాఖ ప్రచురించిన 295, 736, 257 మీటర్ల జరుపులు. వాటికే 10 నుంచి 15 మీటర్ల అనిశ్చితి ఉంది. పాత త్రిభుజాల వలను ముక్కలుగా సర్దుబాటు చేశారు. ఒక్కో ప్రాంతంలో ఒక్కోలా ఉన్న ఆ వంకరలను దేశమంతటికీ కలిపి ఇచ్చిన మూడు అంకెలు సరిచేయలేవు. 2005 మ్యాప్ విధానం దాకా కచ్చితమైన వివరాలు పౌరులకు అందకపోవడమే ఈ చిక్కుకు గణితం కన్నా పెద్ద కారణమని నా అభిప్రాయం. ఆ వివరాలు బయట ఉన్నా వంకరలు పోయేవి కావు, నిజమే. కనీసం తేడా ఎంత ఉందో తెలిసేది.

2019లో వచ్చిన ప్రోజ్ 6 అనే సాఫ్ట్‌వేర్ ప్రాంతాన్నీ కచ్చితత్వాన్నీ చూసి మార్పిడిని ఎంచుతుంది. మంచిదే, కానీ మనం ఇవ్వని సమాచారాన్ని అది పుట్టించలేదు. 2020లో మొదలైన ఆంధ్రప్రదేశ్ రీసర్వేలో ఉపగ్రహ సంకేతాలను నిరంతరం అందుకునే కోర్స్ స్టేషన్లు, డ్రోన్లు వాడారు. కొత్త కొలతలు బాగానే ఉంటాయి. పాత ఎఫ్ఎంబీల్లో (పొలాల కొలతల పుస్తకాల్లో) మాత్రం గొలుసు కొలతలే తప్ప అక్షాంశ రేఖాంశాలు లేవు. ఆ రెంటినీ కలిపేశామన్న ధీమా నాకు నచ్చదు.

ఎవరైనా పాత పటాన్ని మార్చి ఇస్తే ఏ డేటమ్, ఏ సంవత్సరపు ఎవరెస్ట్, ఏ జరుపు, ఎన్ని మీటర్ల కచ్చితత్వం అని అడగండి. జవాబు రాకపోతే దాన్ని చూసి హద్దురాయి పాతకండి.