గుడి సొమ్ము – ఊరి వనము

కోవిల్పట్టి, విరుదునగరము చుట్టుపట్ల నల్లరేగడిని తమిళ సోదరులు 'కరిసల్' అందురు. విజయనగర, మదురై నాయకరాజుల కాలమున మనవారు పెక్కుమంది ఈ నేలకు వచ్చి స్థిరపడిరి. ఈ సీమలో గ్రామదేవతకు విడిచిన వనమును 'కోవిల్‌కాడు' అందురు. అందు గొడ్డలి పెట్టరాదని కట్టుబాటు. వేప, చింత, జమ్మి ఆ భయభక్తుల నీడనే బ్రతికినవి.

1877లో వంటచెరకు కొరకై అమెరికా ఖండపు తుమ్మను కడప ప్రాంతమున నాటిరి. మనకది సర్కారుతుమ్మ; తమిళులకు సీమై కరువేలము. మనము దసరాకు పూజించు జమ్మికిది దాయాదియే. కాని నేడు చెరువులను, బీళ్ళను ఆక్రమించి స్థానికపు మొక్కను ఎదగనీయదు. దీనిని బొగ్గుగా కాల్చి బ్రతుకు పేదలును కలరు. నరికిన మొదలు మరల చిగుర్చును. వేరుతో పెకలించి, మన చెట్టు నాటి, కొన్నేండ్లు నీరు పోయవలెను. దీని తొలగింపునకు తమిళనాడు ప్రభుత్వము 2022లో ఒక విధానము ప్రకటించినది.

అన్నేండ్ల పోషణకు సొమ్మెక్కడిది? చరిత్రయే దారి చూపుచున్నది. విజయనగర కాలమున తిరుమల ఆలయమువారు భక్తుల కానుకలతో దేవుని గ్రామములలో చెరువులు, కాలువలు త్రవ్వించిరి. పెరిగిన పంటతో నైవేద్యములు నడచెను. దానము నేలకు చేరి, దేవునికే తిరిగివచ్చెను!

సోదరులారా, స్వగ్రామపు గోపురమునకు చందా పంపునపుడు, గుడివెనుక వనమునకును ఒక పాలు కేటాయింపుడు. వేపపూవు లేని ఉగాది పచ్చడి కలదా?