కదిలేది బొమ్మా? లోకమా?

పాకాల జంక్షనులో ఆగివున్న రైలుబండిలో కూర్చున్న ప్రయాణికునికి ఒక చిత్రమైన అనుభవం కలుగుతూ వుంటుంది. ప్రక్క పట్టాలమీది బండి బయలుదేరితే, బయలుదేరింది తన బండే అనిపిస్తుంది. ప్లాట్‌ఫారం వైపు చూసినప్పుడుగాని ఆ భ్రమ తొలగదు. చలనం సాపేక్షమని పాఠ్యపుస్తకాలు చెప్పే సత్యం ఇదే.

ఇరవయ్యవ శతాబ్దపు చివరి భాగంలో ఈ భ్రమను ఆధారం చేసుకొని ఒక కొత్త వినోదం వృద్ధి పొందింది. టెలివిజను తెరపై ఒక బొమ్మ ఎడమనుండి కుడికి పరుగెత్తుతుంది; గోతులు దాటుతుంది; అరుగుల మీదికి ఎగురుతుంది. ఆడేవాని చేతిలో మీటలు వుంటాయి. సినిమా కథల మీద ఇటువంటి ఆటలు ఎన్నో వచ్చాయి. 1977 నాటి ‘స్టార్ వార్స్’ చిత్రాన్ని అనుసరించి 1992లో వెలువడిన ‘సూపర్ స్టార్ వార్స్’ వాటిలో ఒకటి. ఈ ఆటల చరిత్ర నిజానికి తక్కువ సామగ్రితో పెద్ద పని సాధించిన యుక్తుల చరిత్ర.

తోలుబొమ్మల తెర

పాకాలనుండి బయలుదేరే ఒక రైలుమార్గం ధర్మవరం చేరుతుంది. దానికి సమీపంలోని నిమ్మలకుంట గ్రామం తోలుబొమ్మలకు ప్రసిద్ధి. ఆ గ్రామపు కళాకారుడు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ లభించింది. తోలుబొమ్మలాటలో తెర కదలదు. బొమ్మలే వచ్చి పోతాయి. తెరగుడ్డ ఎంత వెడల్పో కథా రంగం అంతే.

తొలినాటి ఎలక్ట్రానిక్ ఆటలు కూడ ఇట్లే వుండేవి. 1978లో జపానులో నిషికాడో రూపొందించిన ‘స్పేస్ ఇన్వేడర్స్’లోగాని, 1981 నాటి ‘డాంకీ కాంగ్’లోగాని ఆట ఒకే తెరలో ఇమిడి వుండేది. వీరుడు తెర అంచు దాటి ముందుకు పోవాలంటే ఎట్లా? అప్పటి యంత్రాలకు ఇది చిన్న సమస్య కాదు.

జ్ఞాపకశక్తి చాలని యంత్రం

1983లో జపానులో విడుదలైన ‘ఫ్యామికాం’ అనే యంత్రాన్ని చూద్దాం. దాని తెరపై అడ్డంగా 256, నిలువుగా 240, మొత్తం 61,440 బిందువులు. తెరమీది చిత్రాన్ని గుర్తుంచుకొనడానికి దానికి వున్న స్థలం 2,048 బైట్లు మాత్రమే. బైటుకు 8 బిట్ల చొప్పున లెక్కిస్తే 16,384 బిట్లు. అంటే ఒక్కొక్క బిందువుకు ఒక్క బిట్టయినా రాదు!

ధర్మవరం పట్టుచీరలో ఒకే బుటా ఎన్నోసార్లు తిరిగి వస్తుంది. ఇంజనీర్లు కూడ అదే పద్ధతిని అనుసరించారు. తెరను అడ్డంగా 32, నిలువుగా 30, మొత్తం 960 గళ్ళుగా విభజించారు. ఇటుక, మేఘం, నేల వంటి చిన్న చిత్రాలు ఆట క్యాసెట్టులో వుంటాయి. ఏ గడిలో ఎన్నవ చిత్రం రావాలో ఆ సంఖ్య ఒక్కటి గుర్తుంటే చాలు. 960 గళ్ళకు 960 బైట్లు, రంగుల వివరానికి 64 బైట్లు, వెరసి 1,024. కనుక 2,048 బైట్లలో ఒకటి కాదు, రెండు తెరలు ఇమిడిపోయాయి.

ఈ రెండవ తెరయే కీలకం. రెండింటిని ప్రక్కప్రక్కన అమర్చి, చిత్రాన్ని ఏ బిందువునుండి చూపాలో తెలిపే సంఖ్యను ఒకటి చొప్పున పెంచుతూ పోతే, దృశ్యమంతా మెల్లగా ఎడమకు జరుగుతుంది. వీరుడు తెర నడుమ ఇంచుమించు ఒకేచోట కాళ్ళాడిస్తూ వుంటాడు, కదిలేది లోకం. ఈలోపల కంటికి కనబడని భాగంలో 30 గళ్ళ నిలువు వరుస ఒక్కొక్కటే కొత్తగా వ్రాయబడుతుంది. బండి ముందు పట్టాలు పరుస్తూ, వెనుకవి ఊడబెరికి మళ్ళీ ముందుకు తెచ్చుకొన్నట్లు! 1985 నాటి ‘సూపర్ మారియో బ్రదర్స్’ ఆట మొత్తం 40 కిలోబైట్లలో ఇమిడింది.

ఆ యంత్రం ఒకే అడ్డగీతపై ఎనిమిది కదిలే బొమ్మ ముక్కలను మాత్రమే చూపగలదు. అంతకు మించితే కొన్ని మాయమవుతాయి. అందుచేత ఆట వ్రాసేవారు వాటిని వంతులవారీగా చూపేవారు. 1990ల దశకంలో ఈ యంత్రానికి అనుకరణలు మన దేశంలో చౌకగా అమ్ముడుపోయాయి. శత్రువులు గుమిగూడినప్పుడు బొమ్మలు మిణుకుమనడం ఆనాటి పిల్లలు ఎరిగినదే. అది క్యాసెట్టు లోపం కాదు, యంత్రపు హద్దు.

దూరపు కొండలు

పాకాలనుండి తిరుపతికి పోయే బండిలో కిటికీ ప్రక్క కూర్చుంటే, దగ్గరి స్తంభాలు గిర్రున వెనుకకు పోతాయి. దూరపు కొండలు మాత్రం తాపీగా జరుగుతాయి. దీనికి దృష్టి విస్థాపనం అని పేరు. దీని సహాయంతోనే 1838లో బెస్సెల్ అనే జర్మన్ ఖగోళశాస్త్రజ్ఞుడు ఒక నక్షత్రపు దూరాన్ని లెక్కగట్టాడు.

1990లో వచ్చిన ‘సూపర్ ఫ్యామికాం’ యంత్రం అనేక దృశ్యపు పొరలను వేరువేరు వేగాలతో జరపగలిగింది. ‘సూపర్ స్టార్ వార్స్’ ఈ యంత్రం కొరకే తయారయింది. ఎడారి గ్రహంలో బయలుదేరిన వీరుడు శత్రువుల నెదుర్కొంటూ చివరకు ‘డెత్ స్టార్’ను చేరాలి.

అదే కాలంలో, 1991లో, సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో ‘ఆదిత్య 369’ తెలుగు ప్రేక్షకులను కాలయంత్రంలో తిప్పింది. సినిమాలో వీరుని ప్రయాణాన్ని ప్రేక్షకుడు చూస్తూ కూర్చుంటే చాలు. ఆటలో అట్లా కాదు. ఆడేవాడు సరియైన క్షణంలో ఎగరకపోతే కథ అక్కడే ఆగిపోతుంది. ఆ ఎగురుడులో కూడ భౌతికశాస్త్రం వున్నది. సెకనుకు అరవైసార్లు యంత్రం పైకిపోయే వేగంలో కొంత తగ్గిస్తూ పోతే, బొమ్మ పరావలయ మార్గంలో లేచి దిగుతుంది. అయితే గాలిలో వుండగానే దిశ మార్చుకొనే వీలును అనేక ఆటలు కల్పించాయి. న్యూటన్ సూత్రాలు దీనికి ఒప్పుకోవు!

మిగిలేది ఎంత?

అమెరికాలో 2010కి పూర్వం వెలువడిన ఆటలలో నూటికి 87 నేడు అంగడిలో దొరకవని అక్కడి వీడియో గేం హిస్టరీ ఫౌండేషన్ 2023లో ప్రకటించింది. మన ఊళ్ళలోని పాత క్యాసెట్లను పాత సామాన్లవారు ఏనాడో తీసుకొనిపోయారు. తోలుబొమ్మ చినిగితే చూసి మరొకటి చేయవచ్చును. యంత్రం పోయి, అది పనిచేసిన తీరు తెలిసినవారు కూడ పోతే, రెండువేల బైట్లతో లోకాన్ని నడిపించిన విద్య కూడ పోతుంది. పాత యంత్రాన్ని నేటి కంప్యూటరులో అనుకరించే ప్రోగ్రాములు కొంతవరకు ఆ విద్యను నిలుపుతున్నాయి.

ఈ విద్యను తరగతి గదిలో చూపడానికి కంప్యూటరుతో పనిలేదు. ఒక అట్టలో చదరపు కిటికీ కోసి, దాని అంచున మనిషి బొమ్మ అంటించాలి. వెనుకగా చెట్లు గీసిన పొడుగాటి కాగితాన్ని, దాని వెనుక కొండలు గీసిన మరొక కాగితాన్ని ఎడమకు లాగాలి. చెట్ల కాగితాన్ని వేగంగాను, కొండల కాగితాన్ని మెల్లగాను లాగితే బొమ్మ నడుస్తుంది. దాని కాళ్ళు మాత్రం వున్నచోటనే వుంటాయి.