గిలక్కాయ చరిత్ర: మ్యూజియంలో కనిపించని బొమ్మల కథ

ఈరోజు ఎపిసోడ్‌లో రాజులు లేరు, యుద్ధాలు లేవు. ఒక గిలక్కాయ ఉంది, అంతే. పసిపిల్లలు ఏడుస్తుంటే గలగలమని ఊపుతామే, అదే. ఇప్పుడైతే ఫోన్‌లో ఆర్డర్ పెడితే ఇంటికొచ్చేస్తుంది. కానీ దీని వయసు సుమారు నాలుగున్నర వేల ఏళ్ళు అంటే నమ్ముతారా?

హరప్పా, మొహెంజొదారో తవ్వకాల్లో పిల్లల బొమ్మలు చాలా దొరికాయి. క్రీ.పూ. 2600 నుంచి 1900 మధ్య కాలానివి. వాటిలో గుండ్రటి మట్టి గిలక్కాయలున్నాయి. లోపల బోలు, ఆ బోలులో చిన్న చిన్న మట్టి ఉండలు. ఊపితే చప్పుడొస్తుంది. ఇంకా పిట్ట ఆకారంలో ఈలలు, బుల్లి ఎడ్లబండ్లు, తాడు కదిపితే తల ఊపే ఎద్దు. మన స్కూల్ పుస్తకంలో స్నానవాటిక ఫోటో చూసి పేజీ తిప్పేశాం గానీ, అదే ఊళ్ళో ఎవరో ఒక తల్లి బిడ్డను ఊరుకోబెట్టడానికి నానా తంటాలు పడిందన్నమాట.

ఇప్పుడు ఒక చిన్న ప్రశ్న. నేను చెప్పిన లిస్టులో ఒక విషయం గమనించారా? అన్నీ కాల్చిన మట్టివే. మరి అప్పట్లో గుడ్డ బొమ్మలు లేవా? ఆకు బొమ్మలు లేవా?

ఆ కాలంలో నూలు బట్ట ఉండేదని మనకు తెలుసు. మొహెంజొదారోలో ఒక వెండి పాత్రకు అంటుకుని నూలు గుడ్డ ఆనవాలు దొరికింది. బట్ట ఉన్న ఇంట్లో చిరిగిన పీలికలుంటాయి. పీలికలూ, ఏడ్చే బిడ్డా ఒకే ఇంట్లో ఉంటే ఏం జరుగుతుందో ఊహించడం కష్టమా? ఇది ఊహే, సాక్ష్యం లేదు. ఎందుకంటే గుడ్డ కుళ్ళిపోతుంది, ఆకు చెదలు తినేస్తుంది. కాల్చిన మట్టి మాత్రం వేల ఏళ్ళు ఉంటుంది.

బీటెక్ చదివి కొన్నాళ్ళు కోడ్ రాసినవాణ్ణి కాబట్టి నాకిది ఇలా అర్థమవుతుంది. హార్డ్ డిస్క్‌లో ఒక్క ఫోల్డర్ మిగిలి మిగతావన్నీ పోయాయనుకోండి. ఆ మిగిలిన ఫోల్డరే మొత్తం డేటా అనుకుంటే ఎలా? బొమ్మల చరిత్రలో మనం చేస్తున్నది దాదాపు అదే.

పోయిన ఫోల్డర్‌లో ఏముండేదో ఒక్కచోట కాస్త కనిపిస్తుంది. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఒక గుడ్డ బొమ్మ ఉంది. రోమన్ల పాలనలో ఉన్న ఈజిప్టుది, క్రీ.శ. 1 నుంచి 5 శతాబ్దాల మధ్యది. పైన ముతక నార బట్ట, లోపల కుక్కింది చింపిరి గుడ్డలు, పాపిరస్ ముక్కలు. అంటే ఇంట్లో మిగిలిపోయిన చెత్తే! అక్కడి ఎడారి పొడి వాతావరణం వల్ల అది పాడవకుండా మిగిలింది. అదే మన గోదావరి జిల్లాల్లో అయితే రెండు వానాకాలాలు దాటేదా చెప్పండి?

గిలక్కాయ గురించి ఇంకో సరదా విషయం. గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ తన 'పాలిటిక్స్' పుస్తకంలో ఆర్కిటాస్ గిలక్కాయ గురించి రాశాడు. దాన్ని మంచి ఆవిష్కరణ అని మెచ్చుకుంటూ, పిల్లల చేతికి అదిస్తే ఇంట్లో సామాన్లు పగలగొట్టకుండా ఉంటారంటాడు. ఈ ఆర్కిటాస్ మామూలు మనిషి కాదు, పెద్ద గణిత శాస్త్రవేత్త. ఇప్పుడు మనం బిడ్డ చేతిలో ఫోన్ పెట్టి ఊరుకోబెట్టడానికీ కారణం ఇంచుమించు అదే కదా!

సరే, మన దగ్గరికి వద్దాం. తెలుగువాళ్ళ బొమ్మలు అనగానే కొండపల్లి, నిర్మల్, ఏటికొప్పాక అంటాం. కొండపల్లి, నిర్మల్ బొమ్మలు పొణికి కర్రతో, ఏటికొప్పాకవి అంకుడు కర్రతో, లక్క రంగులతో చేస్తారు. గొప్ప కళలు, అనుమానం లేదు. కానీ అవి వృత్తి కళాకారులు చేసి అమ్మేవి. వాటికి పేరుంది, షాపుంది, అవార్డులున్నాయి. ఇంట్లో అమ్మమ్మ పాత చీర చింపి చేసిన బొమ్మకి ఏముంది? పేరు లేదు, ధర లేదు, ఎవరూ రాసిపెట్టలేదు.

ఒకసారి లెక్కపెడదాం. తాటాకు అల్లి, లోపల గింజలు వేసిన గిలక్కాయ. తాటాకుతోనే పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు. గుడ్డ పీలికలు చుట్టిన బంతి. కాస్త పెద్ద పిల్లలకైతే జొన్న బెండుతో ఎడ్లబండి. ముంజెలు తినేశాక ఖాళీ కాయలు రెండు చక్రాలు, మధ్యలో పుల్ల ఇరుసు, తోయడానికి ఒక పంగల కర్ర. బండి రెడీ!

అసలు గిలక్కాయ అనే మాటలోనే 'కాయ' ఉంది, చూశారా? పొలంలో జనుము ఎండాక కాయని ఊపి చూడండి. లోపలి గింజలు గలగలమంటాయి. ఆ మొక్క శాస్త్రీయ నామం క్రోటలేరియా. గ్రీకులో గిలక్కాయ లాంటి వాయిద్యానికున్న పేరు నుంచి వచ్చింది. ఎక్కడి గ్రీకు, ఎక్కడి మన చేను! రెండు చోట్లా చెవికి తట్టింది ఒకటే చప్పుడు.

మరి ఇంట్లో చేయడం ఎందుకు ఆగిపోయింది? ప్లాస్టిక్ వచ్చింది కాబట్టి అని ఒక్క మాటలో చెప్పేయొచ్చు. కానీ అంతకంటే పాత కారణం ఒకటుంది. శూద్రకుడి 'మృచ్ఛకటికం' నాటకం పేరు వినే ఉంటారు. మృచ్ఛకటికం అంటే మట్టి బండి. అందులో చారుదత్తుడి కొడుకు రోహసేనుడు మట్టి బండి వద్దని ఏడుస్తాడు. ఎందుకంటే పక్కింటి పిల్లాడి దగ్గర బంగారు బండి చూశాడు. వసంతసేన కరిగిపోయి తన నగలన్నీ ఆ మట్టి బండిలో నింపేస్తుంది. ఆ నగల వల్లే తర్వాత చారుదత్తుడి ప్రాణం మీదికొస్తుంది. మట్టి బండి బాగా నడవట్లేదని పిల్లాడు ఏడవలేదు. పక్కింటి బండితో పోల్చుకుని ఏడ్చాడు. ఇంట్లో చేసిన బొమ్మ అంటే 'కొనలేక చేశారు' అనే నామోషీ అంత పాతది.

రెండోది మార్కెట్. జర్మనీలో కిండర్‌గార్టెన్ మొదలుపెట్టిన ఫ్రోబెల్, 1837 తర్వాత పిల్లల కోసం కొన్ని ఆట సామాన్లు రూపొందించాడు. వాటిలో మొట్టమొదటిది ఏంటో తెలుసా? తాడు కట్టిన ఆరు రంగుల ఊలు బంతులు. ఏ ఇంట్లోనైనా అల్లుకోవచ్చు. కానీ అవీ తర్వాత పెట్టెల్లో పెట్టి అమ్మే సరుకైపోయాయి.

అలాగని పాతదంతా బంగారం అని నేను చెప్పను. తాటాకు అల్లిక ఊడితే గింజ నేరుగా బిడ్డ నోట్లోకి పోతుంది, గొంతుకు అడ్డం పడితే ప్రాణం పోతుంది. ఇక్కడ కొత్త కాలం మనకు ఒక మంచి కొలత ఇచ్చింది. అమెరికాలో 1979లో చిన్న భాగాల నిబంధన తెచ్చారు. 31.7 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న ఒక చిన్న గొట్టంలో పట్టే వస్తువేదీ మూడేళ్ళ లోపు పిల్లల బొమ్మల్లో ఉండకూడదు. మన పది రూపాయల నాణెం వ్యాసం 27 మిల్లీమీటర్లు. అంటే ఆ నాణెం కూడా ప్రమాదకరమే. మన దేశంలో 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఐఎస్ఐ మార్కు తప్పనిసరి. కానీ ఇంట్లో చేసే బొమ్మకి మార్కు ఎవరు వేస్తారు? టెస్టింగ్ టీమ్ మీరే.

అందుకని మొదటిసారి చేసేవాళ్ళు గుడ్డ బంతితో మొదలుపెట్టండి. బాగా ఉతికిన పాత నూలు చీరో పంచో తీసుకోండి. పీలికలుగా చింపి గట్టి ఉండగా చుట్టండి, మీ పిడికిలంత ఉండాలి. పైన ఇంకో గుడ్డ కప్పి దగ్గర దగ్గరగా రెండు వరసలు కుట్టండి. బొత్తాలు, పూసలు, చమ్కీలు అస్సలు వద్దు. కళ్ళు, ముక్కు కావాలంటే దారంతోనే కుట్టండి. వేలాడే తాడు పెట్టకండి. అయ్యాక బలం కొద్దీ లాగి చూడండి, మీకు ఊడితే బిడ్డకీ ఊడుతుంది. గింజలు వేసిన గిలక్కాయ అయితే బిడ్డ చేతికివ్వకుండా మీరే పట్టుకుని ఆడించండి.

ఇక అసలు పని. తాటాకు గిలక్కాయ ఏ మడత తర్వాత ఏ మడతో తెలిసిన చేతులు మన ఊళ్ళల్లో ఇంకా ఉన్నాయి. వాళ్ళకిప్పుడు డెబ్భై, ఎనభై ఏళ్ళు. ఆ విద్య పుస్తకంలో లేదు, మ్యూజియంలో లేదు, వాళ్ళ వేళ్ళలోనే ఉంది. మట్టి బొమ్మ అయితే మళ్ళీ ఎప్పుడో తవ్వకాల్లో దొరుకుతుందేమో గానీ, ఇది దొరకదు.

మన అందరి జేబులో కెమెరా ఉంది. ఈసారి ఊరెళ్ళినప్పుడు అమ్మమ్మనో, నానమ్మనో, పక్కింటి తాతనో అడగండి. "చిన్నప్పుడు మాకేం బొమ్మ చేసిచ్చేవారు, మళ్ళీ ఒకసారి చేయండి" అనండి. చేస్తుంటే ముఖం కాకుండా చేతులు షూట్ చేయండి. మధ్యలో కట్ చేయొద్దు, ఏ ఊరో చెప్పించండి. రెండు నిమిషాల వీడియో చాలు. పోయిన ఫోల్డర్‌కి మనం చేయగలిగిన బ్యాకప్ అదొక్కటే.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.