వైద్య, పారిశ్రామిక రంగాలలో అణు వికిరణ వినియోగం

అణుశక్తి అనగానే విద్యుత్ కేంద్రాలో, ఆయుధాలో స్ఫురించడం సహజం. సామాన్య పౌరునికి మాత్రం అణు విజ్ఞానం ముందుగా ఎదురయ్యేది ఆసుపత్రిలోనే. 1956 ఆగస్టులో ట్రాంబేలో 'అప్సర' రియాక్టరు పనిచేయనారంభించడంతో దేశంలో రేడియో ఐసోటోపుల తయారీకి పునాది పడింది. ఆసుపత్రులకు, పరిశ్రమలకు వీటిని అందించే బాధ్యతను 1989లో ఏర్పడిన వికిరణ, ఐసోటోపు సాంకేతిక మండలి (బ్రిట్) నిర్వహిస్తున్నది.

ఏ ఐసోటోపును దేనికి వాడాలో చాలావరకు దాని అర్ధాయువే నిర్ణయిస్తుంది. ఎముకలు, గుండె, మూత్రపిండాల పరీక్షలలో వాడే టెక్నీషియం-99ఎం అర్ధాయువు సుమారు 6 గంటలే. పరీక్ష ముగిసిన మర్నాటికి రోగి శరీరంలో అది నామమాత్రంగా మిగులుతుంది. ఇంత స్వల్పకాలం నిలిచే పదార్థాన్ని దూరప్రాంతాలకు పంపడం కష్టం కనుక, 66 గంటల అర్ధాయువు గల మాలిబ్డినం-99ను పంపి, దాని నుంచి టెక్నీషియంను ఆసుపత్రిలోనే వేరుచేస్తారు. థైరాయిడ్ చికిత్సకు వాడే అయోడిన్-131 అర్ధాయువు 8 రోజులు. క్యాన్సర్ కొరకు దీనిని అధిక మోతాదులో తీసుకున్న వారిని కొద్ది రోజులపాటు ప్రత్యేక గదిలో ఉంచుతారు.

క్యాన్సర్ కణితులపై బయటి నుంచి గామా కిరణాలను ప్రసరింపజేసే యంత్రాలలో కోబాల్ట్-60 ఉంటుంది. దీని అర్ధాయువు 5.27 సంవత్సరాలు. అంటే మూలకం బలం నెలకు రమారమి ఒక శాతం చొప్పున తగ్గుతుంది. అయిదేళ్లు దాటితే అదే మోతాదు ఇవ్వడానికి రెట్టింపు సమయం పడుతుంది, రోగుల వరుస పెరుగుతుంది. యంత్రం కొనుగోలుకు నిధులు మంజూరు చేసే అధికారులు మూలకం మార్పిడి ఖర్చును కూడా నాడే లెక్కలోకి తీసుకోవడం అవసరం. భాభా అణు పరిశోధన కేంద్రం (బార్క్) ఈ చికిత్సకై 'భాభాట్రాన్' యంత్రాన్ని దేశీయంగా రూపొందించింది.

పరిశ్రమలలో ఇరిడియం-192 సహాయంతో పైపులైన్లు, బాయిలర్ల వెల్డింగు అతుకులలోని లోపాలను ఫోటో తీసినట్లు పసిగడతారు. కాగితం, లోహపు రేకుల మందాన్ని యంత్రం ఆగకుండానే కొలవడానికి, భూమిలోని గొట్టాల లీకేజీని కనిపెట్టడానికి కూడా ఐసోటోపులు ఉపయోగపడుతున్నాయి. సిరంజిలు, కుట్టుదారాల వంటి వాటిని సీలు వేసిన ప్యాకెట్టులోనే క్రిమిరహితం చేసే 'ఐసోమెడ్' కేంద్రం 1974లో ట్రాంబేలో ప్రారంభమైంది.

ఆహార రంగంలో నాసిక్ జిల్లా లాసల్‌గావ్‌లో 2002లో నెలకొల్పిన కేంద్రం ఉల్లిగడ్డలు మొలకెత్తకుండా నివారించేందుకు ఉద్దేశించినది. కనీసం 400 గ్రే మోతాదుతో పురుగుల బెడదను అరికట్టే పద్ధతి అంగీకారం పొందిన మీదట, 2007లో అమెరికాకు మన మామిడి ఎగుమతి సుమారు 18 సంవత్సరాల తరువాత తిరిగి మొదలైంది.

ఈ అంశంపై వార్తలలో తరచుగా కనిపించే పొరపాటు ఒకటున్నది. వికిరణానికి గురైన పండు రేడియోధార్మికమవుతుందన్న భయం నిరాధారం. ఎక్స్‌రే తీయించుకున్న మనిషి నుంచి ఎక్స్‌రేలు వెలువడనట్లే, కోబాల్ట్ కిరణాలు సోకిన మామిడి నుంచి కూడా కిరణాలు వెలువడవు. అయినప్పటికీ అటువంటి ఆహారమని ప్యాకెట్టుపై నిర్ణీత చిహ్నంతో తెలుపడం తప్పనిసరి. కొనాలో వద్దో నిర్ణయించుకునే హక్కు వినియోగదారునిదే.

అసలు ప్రమాదం పర్యవేక్షణ తప్పిన మూలకంతోనే. ఏళ్లతరబడి మూలనపడిన ఒక పరిశోధనా పరికరాన్ని 2010లో ఢిల్లీలోని ఒక విశ్వవిద్యాలయం పాత సామానుగా వేలం వేసింది. మాయాపురి తుక్కు దుకాణంలో దానిని విడదీయగా లోపలి కోబాల్ట్-60 బయటపడి పలువురు అస్వస్థులయ్యారు. ఏప్రిల్‌లో ఒక కార్మికుడు మరణించాడు. ఆ పరికరం పనిచేసినంతకాలం ఎవరికీ హాని జరగలేదు. దస్త్రాలలో దాని జాడ చెదిరిన తరువాతే ఈ విషాదం సంభవించింది.

1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి లేనిదే ఇటువంటి మూలకాన్ని కొనడం గాని, అమ్మడం గాని, పారవేయడం గాని కూడదు. ఈ రంగంలోని సిబ్బందికి అనుమతించిన మోతాదు అయిదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీ సీవర్టులు, సాధారణ ప్రజలకు 1 మిల్లీ సీవర్టు. మూసివేసిన కర్మాగారాలు, పాత ప్రయోగశాలల సామాను వేలం వేసే ముందు మూడు రేకుల వికిరణ చిహ్నం గల పెట్టెలు ఉన్నవేమో అధికారులు పరిశీలించాలి. ఉన్నట్లయితే వాటిని తెరువక, కదల్చక, జనాన్ని దూరంగా ఉంచి మండలికి, జిల్లా యంత్రాంగానికి వెంటనే తెలియజేయాలి.