అక్వైరింగ్ బ్యాంకు

వ్యాపారి తరఫున కార్డు చెల్లింపులను స్వీకరించి, ఆ సొమ్మును అతని ఖాతాలో జమచేసే బ్యాంకు. కార్డు జారీచేసిన బ్యాంకు కొనేవారి పక్షమైతే, ఇది అమ్మేవారి పక్షం.

బట్టల దుకాణంలో రూ. 2,000 చీరకు కార్డు పెట్టి పిన్ నొక్కగానే, వివరాలు స్వైపింగ్ మిషన్ నుంచి ఈ బ్యాంకుకు, అక్కణ్నుంచి వీసా, రూపే వంటి నెట్‌వర్క్ ద్వారా జారీచేసిన బ్యాంకుకు చేరతాయి. ఆమోదం సెకన్లలో అదే దారిన తిరిగొస్తుంది. స్లిప్పు బయటికొచ్చినా డబ్బు అప్పుడే చేతులు మారదు. బ్యాంకుల మధ్య లెక్క తేలాకే దుకాణానికి జమ.

జమకు ముందు ఎండీఆర్ అనే రుసుము మినహాయిస్తారు. అందులో ఇంటర్‌ఛేంజ్ పేరిట కొంత జారీచేసిన బ్యాంకుకు, కొంత నెట్‌వర్క్‌కు పోగా మిగిలిందే ఈ బ్యాంకు (అక్వైరర్) రాబడి. భారతదేశంలో 2018 జనవరి 1 నుంచి డెబిట్ కార్డులపై, ఏటా రూ. 20 లక్షల దాకా అమ్మకాలున్న వ్యాపారులకు మిషన్ లావాదేవీల్లో ఇది 0.40 శాతం మించకూడదని రిజర్వు బ్యాంకు నిర్దేశించింది. 2020 జనవరి 1 నుంచి రూపే డెబిట్ కార్డులపై ఇది సున్నా. మిషన్ల నిర్వహణ ఖర్చు మాత్రం సున్నా కాలేదు.

అసలు బరువు చార్జ్‌బ్యాక్‌ది, అంటే కొన్నవారికి సొమ్ము వెనక్కి ఇవ్వాల్సి రావడం. సరుకు అందలేదన్న కొనుగోలుదారు ఫిర్యాదు నెగ్గితే సొమ్ము వ్యాపారి నుంచి రాబట్టాలి. అతను దుకాణం ఎత్తేసి ఉంటే ఆ నష్టం అక్వైరర్‌దే. ముందుగా టికెట్లు అమ్మే విమానయాన సంస్థల సొమ్ములో కొంత అట్టిపెట్టుకోవడం అందుకే.