కామ్రేడ్స్ పరుగు: లెక్కకెక్కినవాళ్లు, ఎక్కనివాళ్లు

దక్షిణాఫ్రికాలో సముద్రం ఒడ్డునున్న డర్బన్‌కూ, కొండల మీదున్న పీటర్‌మారిట్జ్‌బర్గ్‌కూ మధ్య ఏటా జరిగే కామ్రేడ్స్ మారథాన్, నేటికీ సాగుతున్న అల్ట్రా మారథాన్లన్నిటిలో పాతది. దూరం 90 కిలోమీటర్లకు కాస్త అటూఇటూ; మామూలు మారథాన్‌కు రెట్టింపు దాటుతుంది. సాధారణంగా ఒక ఏడు డర్బన్ నుంచి ఎగువకు, మరుసటి ఏడు పీటర్‌మారిట్జ్‌బర్గ్ నుంచి దిగువకు పరుగెత్తుతారు. దిగుడు పరుగు తేలికనుకుంటారు గానీ, తొడ కండరాలను నుజ్జు చేసేది అదే.

ఈ పరుగు యుద్ధం నుంచి పుట్టింది. విక్ క్లాఫమ్ రైలింజను డ్రైవరు. మొదటి ప్రపంచయుద్ధంలో జర్మన్ సేనల వెంటబడి తూర్పు ఆఫ్రికాలో సుమారు 2,700 కిలోమీటర్లు నడిచిన దళంలో ఆయన సిపాయి. చనిపోయిన తోటివారికి రాతి స్తంభం కాకుండా, వాళ్లు పడ్డ కష్టాన్ని గుర్తుచేసే పరుగు ఉండాలని ఆయన పట్టు. మాజీ సైనికుల సంఘం వరసగా కాదంటూ వచ్చింది. ఆ దూరం మనిషి తట్టుకోలేడన్నది వాళ్ల భయం. ఏ సాధనా లేకుండా సైన్యంలో చేరిన మామూలు జనం అంత దూరం నడిచినప్పుడు, సాధన చేసినవాళ్లు ఈమాత్రం పరుగెత్తలేరా అన్నది ఆయన వాదన. చివరికి 1921లో అనుమతితో పాటు ఖర్చులకు ఒక పౌండు అప్పు దొరికింది. మే 24న 34 మంది బయలుదేరితే 16 మంది గమ్యం చేరారు. 8 గంటల 59 నిమిషాల్లో ముందు చేరినవాడు బిల్ రోవన్. బయలుదేరినవాళ్లంతా తెల్లజాతి మగవాళ్లే. నిబంధన అదే.

దూరపు పరుగు మనిషి బతుకును ఎలా తిప్పేస్తుందో చెప్పడానికి మరుసటి ఏటి విజేత ఆర్థర్ న్యూటన్‌ను మించిన ఉదాహరణ దొరకదు. ఆయన రైతు. తన పొలం ఉన్న ప్రాంతాన్ని ప్రభుత్వం నల్లజాతివారి నివాసానికి కేటాయించిందనీ, తగిన పరిహారం ఇవ్వలేదనీ ఆయన ఫిర్యాదు. పరుగులో పేరు తెచ్చుకుంటే పత్రికలు తన గోడు వింటాయని లెక్కవేసుకున్నాడు. 1922 ఆరంభంలో సాధన మొదలుపెట్టి, 39 ఏళ్ల వయసులో, కొన్ని నెలలకే గెలిచాడు. ఆపై 1923, 1924, 1925, 1927లలో కూడా గెలుపు ఆయనదే. మెల్లగా, రోజూ, చాలా దూరం పరుగెత్తడమే ఆయన పద్ధతి. వేగానికే విలువిచ్చిన ఆ కాలానికి అది వింతగా తోచింది. తర్వాతి తరాల దూరపు పరుగు చాలావరకు ఆ బాటనే పట్టింది. పొలం గోడు మాత్రం తీరలేదు. ఆయన రొడీషియాకు వలసపోయి, 100 మైళ్ల పరుగుల్లో రికార్డులు నెలకొల్పి, 1928లో లాస్ ఏంజెలెస్ నుంచి న్యూయార్క్ దాకా సాగిన పందెంలో కూడా దిగి, గాయంతో తప్పుకున్నాడు. పంతానికి మొదలుపెట్టిన పరుగే ఆయన వృత్తి అయి కూర్చుంది. నల్లవాళ్లకు భూమి ఇచ్చినందుకు మొదలైన ఆ పంతం నెగ్గించుకోవడానికి ఆయన ఎంచుకున్నది, నల్లవాళ్లకు చోటే లేని పందెం.

చోటు లేనివాళ్లు కూడా పరుగెత్తారు. 1923లో ఫ్రాన్సెస్ హేవర్డ్ నమోదుకు ప్రయత్నిస్తే ఆడవాళ్లకు వీల్లేదన్నారు. ఆమె అయినా బయలుదేరి 11 గంటల 35 నిమిషాల్లో పూర్తిచేసింది. 1935లో రాబర్ట్ మ్త్‌షాలీ 9 గంటల 30 నిమిషాల్లో చేరాడు. కామ్రేడ్స్ పూర్తిచేసిన తొలి నల్లజాతీయుడిగా ఆయన్నే చెప్పుకుంటారు. అధికారిక ఫలితాల్లో వీళ్లిద్దరికీ స్థానం లేదు. 1860 నుంచి 1911 వరకు మద్రాసు, కలకత్తా రేవుల నుంచి డర్బన్ ఉన్న నాటాల్ ప్రాంతపు తోటలకు కూలి ఒప్పందాల మీద వెళ్లినవారిలో తెలుగువాళ్లూ ఉన్నారు. ఆ భారతీయుల పిల్లలకూ మనవలకూ కూడా తమ ఊళ్ల మీదుగా సాగే ఈ పరుగులో అధికారికంగా నంబరు దొరకలేదు.

లెక్కలోకి వచ్చినవాళ్లను సైతం నియమాలు వదల్లేదు. వాలీ హేవర్డ్ 1930లో 21 ఏళ్లకే గెలిచి, ఇరవై ఏళ్ల విరామం తర్వాత 1950, 1951, 1953, 1954లలో మళ్లీ గెలిచాడు. విదేశీ పోటీల ప్రయాణానికి చందాలు తీసుకున్నాడన్న కారణంతో ఆయన మీద ‘ప్రొఫెషనల్’ ముద్ర వేసి, ఔత్సాహిక పోటీలకు దూరంగా ఉంచారు. ఆయన 1988లో 79 ఏళ్ల వయసులో తిరిగి వచ్చి 9 గంటల 44 నిమిషాల్లో పూర్తిచేశాడు. మరుసటి ఏడు 11 గంటల గడువు ముగియడానికి రెండు నిమిషాలలోపే మిగిలి ఉండగా గీత దాటాడు.

ఆడవాళ్లకూ నల్లవాళ్లకూ తలుపు తెరిచింది 1975లో. ఆ ఏడు లెసోతోకు చెందిన విన్సెంట్ రకబేలే 20వ స్థానంలో వచ్చి పతకం అందుకున్నాడు. వర్ణవివక్ష పాలన మాత్రం ఇంకా సాగుతూనే ఉంది. 1981లో దక్షిణాఫ్రికా గణతంత్రానికి ఇరవై ఏళ్లు నిండిన వేడుకల్లో కామ్రేడ్స్‌ను కూడా కలిపినప్పుడు, బ్రూస్ ఫోర్డైస్ అనే యువకుడు నిరసనగా చేతికి నల్లపట్టీ కట్టుకుని, ప్రేక్షకుల ఈసడింపుల మధ్య పరుగెత్తి గెలిచాడు. 1990 నాటికి ఆయన తొమ్మిది సార్లు విజేత. మధ్యలో ఆయన పాల్గొనని 1989లో గెలిచిన శామ్యూల్ త్షబలాలా, ఈ పందెం నెగ్గిన తొలి నల్లజాతీయుడు. 1995లో పందెం తేదీని గణతంత్ర దినమైన మే 31 నుంచి, 1976 సొవెటో విద్యార్థుల తిరుగుబాటును స్మరించే జూన్ 16కు మార్చారు.

ఇప్పుడు పాల్గొనేది వేలమంది. ముందుగా ఒక మారథాన్‌ను గడువులోపు పూర్తిచేసి అర్హత తెచ్చుకోవాలి. ఉద్యోగాలూ సంసారాలూ ఉన్నవాళ్ల తెల్లవారుజాములూ ఆదివారాలూ నెలల తరబడి సాధనకే పోతాయి. పది సార్లు పూర్తిచేసినవారికి ఆకుపచ్చ నంబరు శాశ్వతంగా వాళ్లదే అవుతుంది. ఆ నంబరు కోసం ఏళ్ల తరబడి బతుకును దాని చుట్టూ అమర్చుకునేవాళ్లున్నారు. 2003 నుంచి గడువు 12 గంటలు. సమయం కాగానే తుపాకీ పేల్చే వ్యక్తి వచ్చేవాళ్లకు వీపు పెట్టి నిలబడతాడు, ఎవరు మిగిలిపోతున్నారో కనబడకుండా. ఒక్క సెకను ఆలస్యమైనా పతకం లేదు. ఈ కాఠిన్యాన్ని క్రూరమనేవాళ్లు ఉన్నారు గానీ, చివరి నిమిషంలో గీత దాటినవాడి ఆనందానికి విలువ తెచ్చేది అదే.

పతకాల పేర్లలోనూ చరిత్ర చేరింది. 9 గంటల లోపు చేరినవారి పతకానికి తొలి విజేత రోవన్ పేరు, 11, 12 గంటల మధ్య వచ్చేవారి పతకానికి క్లాఫమ్ పేరు పెట్టారు. 2019లో 9, 10 గంటల మధ్య చేరేవారికి కొత్త పతకం ప్రవేశపెట్టారు. దాని పేరు రాబర్ట్ మ్త్‌షాలీ పతకం.